తథాస్తు దేవతలు

మన యిండ్లలో బియ్యము లేకపోయిన "లేవు" అనరు, "నిండుకొన్నవి" అందురు. దీప మాఱిన "కొండెక్కినది" అందురు. ఊరికి బయలుదేరువాడు "పోయెదను" అనరాదు, "పోయివచ్చెదను" అనవలెను. అశుభమగు మాట నోటినుండి వెలువడినచో, ఇంటిపైన తిరుగుచుండెడి తథాస్తు దేవతలు దానిని విని "అట్లే యగుగాక" యందురనియు, అన్నంతయు జరిగితీరుననియు మన తల్లులు మనకు నేర్పిరి. ఈ నమ్మకమునందు సొగసు లేకపోలేదు. నోరు మంచిదయిన ఊరు మంచిదగునన్న సామెతకు ఇది దగ్గఱి చుట్టమే. బియ్యము విషయమున, దీపము విషయమున దీనివలన ఎవరికిని నష్టము లేదు. పసిబిడ్డ లున్న యింటిలో మాత్రము ఈ దేవతల భయము చేయుచున్న పని యేమో కొంత విచారింపవలసి యున్నది.

రెండు మాటలను మన తల్లిదండ్రులు ఎన్నడును పెదవి దాటనీయరు. మన బిడ్డకు ఈ యింటిలో ఏ కీడు కలుగవచ్చు ననునది మొదటిది. మనలో నెవరైనను, బిడ్డయే యైనను, మరల లేవని స్థితిలో ఆసుపత్రియందు పడియున్నపుడు ఆ దేహమునందలి కన్నులను, గుండెను, మూత్రపిండములను ఇంకొకరి కిత్తుమా యనునది రెండవది. ఈ రెంటికిని సంబంధ మేమని చదువరు లడుగవచ్చును. రెంటికిని అడ్డుపడుచున్నది ఒక్కటే భయమని మా తలంపు. మేము ఆ సంగతిని చేవెళ్ల ప్రాంతమున కొందఱు తల్లిదండ్రులతో మాటలాడి తెలిసికొంటిమి.

హైదరాబాదు విడిచి వికారాబాదు దారిన మొయినాబాదు మీదుగా చేవెళ్లకు పోవువారు బాటకు ఇరుప్రక్కల నుండు మఱ్ఱిచెట్లను మఱువజాలరు. వానిని లెక్కించినవారు రమారమి తొమ్మిదివంద లనిరి. ఆ చెట్ల వెనుక కూరగాయల మళ్లు, పూలతోటలు. ఈ నేలమీద కురిసిన వాన వాగులబడి ఉస్మాన్‌సాగరమునకు, హిమాయత్‌సాగరమునకు చేరును. 1908లో మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట కట్టిన చెఱువు లవి. అట్లు వాననీరు నగరము త్రోవ పట్టగా, మడికి నీరు కావలసిన రైతు బోరు త్రవ్వించును. అడుగున నున్నది రాయి. రాతిలో నెఱ్ఱె తగిలిననే నీరు. తగులనిచో రెండువందల అడుగులు పోయినను, అయిదువందల అడుగులు పోయినను దుమ్మే లేచును. అరచేత కొబ్బరికాయ నిలిపి చోటు చూపువాడు చూపిపోవును. యంత్రమువాడు అడుగుల లెక్కన సొమ్ము తీసికొనిపోవును. అప్పు రైతునకు మిగులును. ఎండిన బోరులోని కేసింగు పైపును, మఱియొక చోటికి పనికివచ్చునని, పెఱికి తీయుదురు. అంతటితో నేలమీద జానెడు వెడల్పు రంధ్ర మొకటి మిగిలిపోవును. దానిపై ఒక గోనెసంచి కప్పుదురు. గాలికి లేవకుండ ఒక రాయి పెట్టుదురు. వానకాలమున గడ్డి పెరుగును. నీరు పడని బోరువంక చూచుటకు రైతునకు మనసొప్పదు. ఆ దుఃఖము మాకు తెలియనిది కాదు.

2017వ సంవత్సరము జూన్ 22వ తేది సాయంకాలము, చేవెళ్ల మండలమునందలి ఇక్కారెడ్డిగూడ గ్రామమున, కూలిపని చేసికొను ఒక కుటుంబమునకు చెందిన ఆడుశిశువు, ఇంకను రెండేండ్లు నిండనిది, ఇట్టి బోరులో పడెను. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళమువారు వచ్చిరి. ప్రక్కన సమాంతరముగా గోతులు త్రవ్విరి. లోనికి గాలి పంపిరి. రెండు పగళ్లు, మూడు రాత్రులు గడచెను. జూన్ 25వ తేదికిగాని ఆ ప్రయత్నము ముగియలేదు, బిడ్డ దక్కలేదు. దేశమంతయు దీనిని చూచినది. ఆ పిమ్మట పాడుబడిన బోరులన్నియు మూయవలెనని ఉత్తరువులు వెలువడెను. మూడేండ్లు తిరుగకుండగనే, 2020 మే 27న, మెదక్ జిల్లా పాపన్నపేట మండలము పోడ్చన్‌పల్లిలో మూడేండ్ల బాలుడు, నీరు పడలేదని అప్పుడే విడిచిన బోరులో జాఱిపడి మరణించెను.

ఇది తెలియక జరిగిన పని కాదు. సుప్రీముకోర్టు 2010లోనే దీనికి విధి నేర్పఱచినది. బోరు త్రవ్వుటకు పదునైదు దినములు ముందుగా అధికారులకు వ్రాతమూలమున తెలుపవలెను. త్రవ్వుచోట కంచె వేయవలెను, పలక పెట్టవలెను. బోరుచుట్టు అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పుగల సిమెంటు దిమ్మెను, నేలపైన 0.30 మీటరు, నేలలోపల 0.30 మీటరు ఉండునట్లు కట్టవలెను. పైపు మూతిని ఇనుపరేకుతో అతికింపవలెను. లేదా మరలతో బిగించిన మూత వేయవలెను. విడిచిన బోరునయితే అడుగునుండి నేలమట్టము వఱకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చవలెను. ఈ పనులలో ఏదియు ఇంజనీర్లకే సాధ్యమైనది కాదు. ఒక పూట కూలికి ఇద్దఱు మనుష్యులు పాడుబోరును పూడ్చగలరు.

మఱి యేల పూడ్వరు? మేము ఒక రైతు నడిగితిమి. ఆయన మంచివాడు, తన మనుమరాలిని భుజముమీద నెక్కించుకొని మాతో మాటలాడుచుండెను. "ఎవ్వరి రాత ఎట్లుంటదో ఎవ్వరికెర్క సారూ! మూసినంత మాత్రాన రాత ఆగుతదా?" అనెను. ఆ బోరు తన యింటికి ఎంత దూరమున నున్నదని యడుగగా, భుజముమీది పాప చెవులను రెండు చేతులతో మూసి, "పిల్ల ముందట గసొంటి మాటలు వద్దు" అనెను. ఆయన చేతులవంక మేము కొంతసేపు చూచుచుండిపోతిమి. బోరు నోరు తెఱచియుండుటకు ఆయన వెఱవలేదు, దానినిగూర్చి మే మడుగుటకు వెఱచెను.

వ్రాతను నమ్మువారితో మాకు తగవు లేదు. ఆ రైతే తన యెద్దునకు పగ్గము వేయుచున్నాడు, ధాన్యపు కొట్టునకు తాళము వేయుచున్నాడు. వానివద్ద వ్రాతకు పని లేదు గాబోలు!

పొలమును విడిచి ఇంటిలోనికి పోదము. మన తల్లులు బిడ్డ బుగ్గమీద దిష్టిచుక్క పెట్టక గడప దాటనీయరు. మొలత్రాడు కట్టుదురు, దండకు రక్షరేకు కట్టుదురు, ఉప్పు మిరపకాయలు దిగదుడుతురు. ఇరుగుపొరుగు కన్నునుండి ఇంత జాగ్రత్తగా కాపాడబడిన ఆ బిడ్డ, స్నానాలగదిలో సగమునకు నీరున్న బకెట్టునొద్దకు ఒంటరిగా పోవుచుండును. ఏడాది ప్రాయపు శిశువునకు ఒడలి కొలతను బట్టి చూడగా తల బరువు. ఆటబొమ్మ నందుకొన వంగినచో తలక్రిందుగా పడును. చేతులలో లేచు సత్తువ లేదు. బకెట్టు నీటి బరువున కదలక నిలిచియుండును. నోరు నీటిలో నున్నది గావున అఱపును వినబడదు. వంటయింటిలో పోపు మాడకుండ దింపి వచ్చునంత కాలము చాలును. జానెడు లోతు నీరు చాలును.

సంపుల మాట చెప్పనక్కఱలేదు. నగరము మొయినాబాదు దాటి వచ్చినకొలది ప్రతి యింటి ముంగిట నేలలో నీటి సంపు ఏర్పడుచున్నది. దాని మూత రేకుదై, ట్యాంకరువాడు వచ్చినపు డెత్తి, వాడు పోయిన తరువాత సగమే మూయబడియుండును. మా బంధువుల యిల్లొకటి ఆ మండలముననే యున్నది. ఆ యింటి సంపుమూతపై ముగ్గు వేసియుండుట చూచితిమి. మూత అంచు త్రుప్పుపట్టి ఒక మూల క్రుంగియున్నది. ఆ మాట చెప్పబోగా ఇంటి పెద్దామె, "అట్లనకు బిడ్డా, శుభమా అని వచ్చినవు" అని మమ్ము వారించెను.

కూరగాయలు పండించు ఇండ్లలో మఱియొక ప్రమాద మున్నది. పురుగుమందును చిన్నచిన్న కొలతలలో తెచ్చుకొని చల్లని పానీయపు సీసాలలో పోసి గూటిలో పెట్టుదురు. ఎఱుపో పసుపో రంగున్న నీటిని చూచి త్రాగనివాడు బిడ్డయే కాడు. త్రాగినచో ఉప్పునీరు పోసి వాంతి చేయించుట మన మోటు వైద్యము. కిరసనాయిలు, ఆసిడు వంటివి లోనికి పోయినపుడు అది ప్రాణాంతకము, ఏలయన పైకి వచ్చునపుడు అవి గొంతును మరల కాల్చును, ఊపిరితిత్తులలోనికి పోవును. వాంతి ప్రయత్నము మాని, ఆ సీసాను చేతబట్టుకొని, 108 బండిని పిలిచి ఆసుపత్రికి పోవలెను. దవడపండ్లు రాని బిడ్డకు పల్లీగింజ చేతి కిచ్చుట, మరుగుచున్న గంజిగిన్నె నేలమీద దింపుట, ఇట్టివి ఇంకను అనేకము కలవు. కాలినచోట సిరాయో పండ్లపొడియో పూయక కుళాయినీటి ధారక్రింద ఇరువది నిమిషములు పట్టవలెనని ఎందఱికి తెలియును?

ఈ సంగతులను మాటలాడునపుడు మే మొకటి గమనించితిమి. తండ్రులు చిఱునవ్వు నవ్వి, "అవన్నీ ఇంట్లో ఆడోళ్లు చూసుకుంటరు" అనిరి. తల్లులు నవ్వలేదు. కీడు జరిగినచో ఊరివా రడుగునది ఒక్కటే ప్రశ్నయని వారికి తెలియును: "తల్లి ఎటు పోయింది?" బోరు త్రవ్వించినవాడెవడు, సంపుమూత మార్చుటకు సొమ్మియ్యనివాడెవడు, సీసాను గూటిలో పెట్టినవాడెవడు, అని యడుగు ఊరు మాకింకను కనబడలేదు. బిడ్డకు వచ్చినది వ్రాత యనియు, తల్లి చేసినది నేరమనియు ఒక్క నోటితోనే చెప్పుదురు. ఒక యువతి, రెండవ బిడ్డను చంక నెత్తుకొనియున్నది, మాతో మెల్లగా ననెను: "నాకు రోజూ భయమే. ఆ భయం నోటితో చెప్తే అత్త తిడ్తది. చెప్పకుంటే నిద్ర పట్టదు." భయము తెలిసినవారికి నోరు లేదు, నోరున్నవారికి భయము తెలియదు, ఆ యింటిలో మూతలు ఎట్లు పడును?

ఇక రెండవ మాట. ఇది యింకను కఠినము. ఢిల్లీ నగరమున రోహిణి యను పేటలో 2021 జనవరి 8న ఇరువది నెలల ఆడుబిడ్డ ఆడుకొనుచు మొదటి అంతస్తు బాల్కనీనుండి క్రింద పడెను. సర్ గంగారామ్ ఆసుపత్రి వైద్యులు మూడు దినములు పెనుగులాడిరి. జనవరి 11న బిడ్డ మెదడు మరణించినదని నిర్ణయించిరి. ఆసుపత్రి వరండాలో ఆ మూడు దినములు గడపిన తల్లిదండ్రులు అవయవములకై ఎదురుచూచుచున్న రోగులను కన్నులార చూచియుండిరి. వారు తమ బిడ్డ గుండెను, కాలేయమును, మూత్రపిండములను, కన్నుల పారదర్శకపు పొరలను ఇచ్చిరి. ఆ చిన్న మూత్రపిండములు రెండును ఒక పెద్దవాని కమర్చిరి. మఱుసటి యేడు, 2022 ఆగస్టులో, అదే నగరమున పదునారు నెలల బాలుడు ఇంటిలోనే పడి, వారము దినములు ఎయిమ్స్ ఆసుపత్రిలో నుండి మరణింపగా అతని తల్లిదండ్రులును అట్లే చేసిరి. మేము చెప్పుచున్న రెండు మాటలును ఆ రెండిండ్లలో ఎట్లు కలిసినవో చదువరులు చూతురుగాక. దానముచేత బాల్కనీ కమ్ముల వెలితి తీరునని మే మనము. కమ్ములు బిగించుటయే మొదటి పని. బిడ్డ బ్రదికి పెరుగుటకంటె గొప్ప దానము లేదు. కాని జాగ్రత్త యంతయు తీసికొన్న యింటికిని ఒకనాడు మృత్యువు రావచ్చును.

మెదడు మరణించుట యనగా నేమో మన జనులకు తెలియదు. యంత్రము ఊపిరి నాడించుచుండును, గుండె కొట్టుకొనుచుండును, ఒడలు వెచ్చగా నుండును. మూర్ఛలోనున్నవాడు లేవవచ్చును, మెదడుకాండము చచ్చినవాడు లేవడు. చట్టము ప్రకారము నలుగురు వైద్యులు కలసి పరీక్షించి, కనీస మాఱుగంటలు ఆగి మరల పరీక్షించిన పిదపగాని అట్లు నిర్ణయింపరాదు. పసిబిడ్డల విషయమున వ్యవధి ఇంకను ఎక్కువ. పదునెనిమిదేండ్లు నిండనివారి పక్షమున తల్లియో తండ్రియో సమ్మతి వ్రాయవలెను. మన రాష్ట్రమున జీవన్‌దాన్ అను ఏర్పాటు హైదరాబాదు నిమ్స్ నుండి నడచుచున్నది. వరుసపట్టికను బట్టి అవయవములను పంచును. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ అవయవదానమునకు సంబంధించిన కేంద్రచట్టమును స్వీకరించినది. కన్నులకైతే ఇంత తతంగము లేదు. సాధారణ మరణమైనను ఆఱుగంటలలోపల కబురు పంపి, ఱెప్పలు మూసి, పైన తడిదూది యుంచి, పంకా ఆపిన చాలును. ముఖము వికారము కాదు.

ఈ సంగతి యెత్తినపుడు చేవెళ్ల ప్రాంతపు తల్లిదండ్రులు మాతో చెప్పిన యభ్యంతరములలో కొన్నిటికి సమాధానము సులభము. కన్ను లిచ్చినచో వచ్చు జన్మమున గ్రుడ్డివారై పుట్టుదురని ఒక రనిరి. తన కన్నును పెఱికి శివుని కిచ్చిన కన్నప్పకు గ్రుడ్డిజన్మము వచ్చెనని శ్రీకాళహస్తిలో ఎవరును చెప్పగా వినలేదు. తన యెముకల నిచ్చిన దధీచి కథను హరికథలలో విని కన్నీరు పెట్టువారే వైద్యుని కత్తి పేరు విని వణకుదురు. పసిబిడ్డను దహింపక మట్టిలో పెట్టుట మన యాచారము; "నిండు దేహం మట్టికియ్యాలె" అని ఒక తాత యనెను. మట్టి ఆ దేహమును నిండుగా నుంచునా యని మేము అడుగలేకపోతిమి. ఆయన దుఃఖించుచున్న మనుమడు మూడేండ్ల క్రిందట జ్వరమున పోయెనని ప్రక్కవారు చెప్పియుండిరి.

ఒక యభ్యంతరము మాత్రము తీసివేయదగినది కాదు. "మా బిడ్డ గుండె ఎవ్వరికి పోతది? పైసలున్నోళ్లకే గద" అని కూలితల్లి యొకతె అనెను. 2025 జనవరిలో సరూర్‌నగరున ఒక ఆసుపత్రిలో చట్టవిరుద్ధముగా మూత్రపిండముల వ్యాపారము జరిగినట్లు బయటపడిన సంగతి ఆమె విన్నది. అది బ్రదికియున్నవారి పేదఱికమును కొనుట, ఇది మరణించినవారి నుండి ఏ వెలయు లేక తీసికొనుట, రెండును వేఱు. కొనుట యమ్ముట చట్టమున నేరము. సమ్మతి యిచ్చిన పిమ్మట ఆ శరీరమును కాపాడు ఖర్చు కుటుంబముపై పడరాదు. ఇంత చెప్పినను ఆమె మొగమున సందేహము తొలగలేదు. తొలగింపవలసిన భారము మాది కాదు, ఆమెది యంతకంటె కాదు. ఏ పేదవానికి ఏ యవయవము దొరకినదో పట్టికను ఊరివారు చదువగలుగునట్లు ప్రకటించినచో ఆమెతో వాదింపవలసిన పని యుండదు.

ఆసుపత్రిలో యంత్రముప్రక్కన ఏడ్చుచున్న తల్లిచేతికి కాగితమిచ్చి యిప్పుడే తేల్చుమనుట మాకు సమ్మతము కాదు. ఆమె ఒప్పుకొనకపోయినను ఆమె తప్పేమియు లేదు. ఆ ప్రశ్నను విననట్టి చెవికి అది మొదటిసారి ఆ రాత్రియే వినబడుట మన తప్పు. పండుగనాడు అందఱును భోజనముచేసి అరుగుమీద కూర్చున్నపుడు, బిడ్డలు నవ్వుచు చుట్టు తిరుగుచున్నపుడు, ఆ మాట యనుకొనవలెను. అప్పుడే సంపుమూతమాటయు అనుకొనవలెను. పేరు నమోదుచేసి కార్డు పెట్టెలో దాచుకొన్నంతమాత్రమున ప్రయోజనము తక్కువ. ఆ గడియ వచ్చినపుడు వైద్యు లడుగునది కార్డును కాదు, ఇంటివారిని. భర్త మనసు భార్యకు, భార్య మనసు అత్తకు తెలిసియుండవలెను. ఈ మాట విని మా బంధువుల యింటి పెద్దామె చాలసేపు ఊరకుండి, "ఆ దేవతలు మంచిమాటకు గూడ తథాస్తు అంటరేమో" అని తనలో ననుకొన్నది.

ఇటీవల మేము మరల ఆ యింటికి పోతిమి. త్రుప్పుపట్టిన మూత తీసివేసి బరువైన క్రొత్త ఇనుపమూత వేయించి, దానికి తాళము వేసియున్నారు. తాళపుచెవి పెద్దామె కొంగునకు కట్టియున్నది. ట్యాంకరువాడు ఆమెను పిలిచిగాని నీరు పోయలేడు. స్నానాలగదిలో బకెట్లు బోర్లించియున్నవి. పొలములోని పాడుబోరు ఉగాది తరువాత పూడ్పింతునని ఆమె కుమారు డనెను. ఇప్పుడు దానిపై గోనెసంచి కాక ఒక నాపరాయి యున్నది. కన్నుల మాట ఆ యింటిలో ఇంకను ఎత్తలేదు. చిన్నకోడలు కడుపుతో నున్నదట; పురుడు పోసికొని, పుట్టినింటినుండి బిడ్డతో తిరిగివచ్చిన తరువాత చూతమనిరి.